డిగ్రీ మూడేళ్ళు, ఒక లాంగ్ నోట్‌బుక్ – నా అనుభవం

నా డిగ్రీ 2024లో అయిపోయింది. బీఎస్సీ బీజడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీ. మాది గోకవరం వైపు ఒక పల్లెటూరు, పొద్దున్నే ఆర్టీసీ బస్సు ఎక్కి కోరుకొండ మీదుగా కాలేజీకి, సాయంత్రం మళ్ళీ అదే దారి. ఇంటర్ దాకా క్లాసులో నోరు తెరిచి ఒక్క డౌటు అడిగింది లేదు నేను. ఇప్పుడు జూనియర్లు "అక్కా ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) చేరితే ఏమొస్తుంది, ఆ సర్టిఫికెట్ దేనికైనా పనికొస్తుందా" అని మెసేజ్‌లు పెడుతున్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే జరిగింది జరిగినట్టు ఒకసారి రాసేద్దామని కూర్చున్నా. పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెలియని వాళ్ళ కోసం ముందు ఇది చెప్పాలి. మన ఏపీలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ కంపల్సరీ చేశారు, మా బ్యాచ్‌కి మొత్తం కలిపి 10 నెలలు, మూడు ముక్కలుగా ఉండేది. రెండో సెమిస్టర్ అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, అందరూ సీఎస్‌పీ అంటారు, 180 గంటలు. నాలుగో సెమిస్టర్ అయ్యాక చిన్న ఇంటర్న్‌షిప్. తర్వాత ఐదులోనో ఆరులోనో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. ప్రతి రోజూ ఏం చేశామో లాగ్ బుక్‌లో రాయాలి, మెంటర్ సంతకం పెట్టాలి. వినడానికి చాలా బాగుంది కదా, కానీ లాగ్ బుక్ అంటే ఆఖరి వారంలో పది మంది ఒక రూములో కూర్చుని నాలుగు రంగుల పెన్నులతో రాసేసేది అని మా సీనియర్లు మాకు చేరిన మొదటి నెలలోనే చెప్పేశారు. నేనూ అలాగే అనుకున్నా, అందులో తప్పుందని కూడా అనిపించలేదు.

నాకు సీఎస్‌పీకి రక్తహీనత టాపిక్ ఇచ్చారు. జువాలజీ మేడమ్ నా మెంటర్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంటే 2019-21లో చేసిన ఐదో సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తం తక్కువుందని తేలింది, అంటే ప్రతి పది మందిలో దాదాపు ఆరుగురు. మేడమ్ ఆ నంబరు బోర్డు మీద రాసి, మీ ఊళ్ళో ఇది ఎంతుందో మీరే చూసి రండి అన్నారు. మా ఊళ్ళోనే 110 ఇళ్ళు తీసుకున్నా. ఇరవై ప్రశ్నల ఫామ్. ఎప్పుడైనా హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించారా, ఎంత వచ్చింది, ఐరన్ మాత్రలు ఇచ్చారా, ఇస్తే వేసుకున్నారా, మానేస్తే ఎందుకు మానేశారు, అన్నం తిన్నాక టీ తాగుతారా, ఇలా.

మొదటి నాలుగు రోజులు నిజంగానే తిరిగా. మన ఊరే అయినా ఒక గుమ్మం ముందు నిలబడి "అత్తా, చిన్న సర్వే అండి" అనడానికి నాకు గొంతు లేచేది కాదు. కొందరు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మాట్లాడారు, కొందరు ఏ పథకం ఇస్తున్నారమ్మా అని అడిగి ఏమీ లేదనేసరికి లోపలికెళ్ళిపోయారు, ఒకాయన అయితే మా ఆడవాళ్ళ రక్తంతో నీకేం పని అని గట్టిగా అరిచాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చా. మర్నాటి నుంచి వెళ్ళలేదు. 72 ఇళ్ళు అయ్యాయి, మిగతా 38 ఫామ్‌లు రెండు రాత్రులు ఫ్యాన్ కింద కూర్చుని నేనే నింపేశా. మా వాళ్ళే కదా, ఎవరింట్లో ఎంతమందో, ఎవరు ఏం తింటారో నాకు తెలుసు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. ఆ 38లో మా ఇల్లు కూడా ఉంది. అమ్మ పక్క గదిలోనే పడుకుని ఉంది, లేపి అడగలేదు. నీరసం, ఆయాసం ఉన్నాయా అన్న చోట "లేదు" అని రాశా.

మేడమ్ ఆ కట్ట మొత్తం తిరగేశారు. తిట్టలేదు. ఫామ్‌లని రెండు దొంతులుగా పెట్టి, "ఈ దొంతిలో ప్రతి రెండు ఫామ్‌లకీ ఒకసారి తెలీదు, గుర్తులేదు అని ఉందమ్మా. ఈ 38లో ఒక్కరు కూడా తెలీదు అనలేదు. మీ ఊళ్ళో ఈ వీధి వాళ్ళకి అన్నీ తెలుసా?" అన్నారు. నాకు కాళ్ళ కింద నేల కదిలిపోయినట్టైంది. నిజంగా మనిషిని అడిగితే సగం సమాధానాలు "ఏమో అమ్మా" అనే వస్తాయి, మనం కూర్చుని రాస్తే అన్నీ చక్కగా నిండిపోతాయి. ఆ తేడా ఆవిడ ఐదు నిమిషాల్లో పట్టేశారు. తర్వాత మా ఇంటి ఫామ్ బయటికి తీసి, "ఇది మీ ఇంటి పేరే కదా, మీ అమ్మగారిని అడిగావా?" అన్నారు. నేను ఏమీ మాట్లాడలేదు. ఆవిడ ఆ 38 కాయితాలూ చింపి బుట్టలో వేసి, కొత్త ఫామ్‌లు 38 లెక్కపెట్టి చేతిలో పెట్టారు. అంతే.

ఈసారి ఒక్కదాన్నే వెళ్ళలేదు, మా ఊరి ఆశా అక్క వెనకాల వెళ్ళా. ఆవిడ ప్రశ్న అడిగే పద్ధతే వేరు. రక్తహీనత ఉందా అని అడగదు. "బావి దగ్గర్నుంచి బిందె తెస్తుంటే మధ్యలో ఎక్కడైనా దించుతున్నావా పిన్నీ" అంటుంది. అంతే, పిన్ని మొదలుపెడుతుంది, ఇంక ఆపక్కర్లేదు. మాత్రలు ఇచ్చారు కానీ వేసుకుంటే విరోచనం నల్లగా వస్తోందని భయపడి మానేశామని చాలామంది చెప్పారు. ఐరన్ వేసుకుంటే అలా నల్లగా అవ్వడం మామూలే, దానికి భయపడక్కర్లేదు అన్న ఒక్క ముక్క వాళ్ళకి మాత్రలు ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు. మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి. ఒకావిడ వాటిని పూలమొక్కకి వేస్తోంది, బాగా పూస్తోంది అని చూపించింది కూడా.

ఇంకొక ఇంట్లో ఒక మామ్మగారు చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద కూర్చుని ఏరుతున్నారు. మనవరాలికి అంగన్‌వాడీలో ఇచ్చిన బియ్యం అవి. కొన్ని గింజలు తీసి పక్కన పెడుతున్నారు, కొంచెం పసుపు ఛాయ, మిగతా వాటికంటే నునుపు. ఏంటి మామ్మా అంటే "ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారే తల్లీ, చంటిదాని కడుపులోకి వెళ్తే ఇంకేమన్నా ఉందా, నీళ్ళలో వేస్తే తేలుతున్నాయి చూడు" అన్నారు. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్ళీ బియ్యం గింజలాగా అచ్చు పోసి, వందకి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. అంటే పాప రక్తం కోసం కలిపిన గింజల్నే, పాప మీద ప్రేమతో, కళ్ళు కనపడకపోయినా ఒక్కొక్కటి వెతికి ఏరి పారేస్తున్నారు ఆవిడ. ఆ చేట నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. నేను గంటసేపు అక్కడే కూర్చుని చెప్పా, ఆవిడ పూర్తిగా నమ్మలేదు, కానీ ఆ పూటకి ఏరడం ఆపారు. ఈ సంగతి నేను ఫ్యాన్ కింద కూర్చుని నింపిన ఫామ్‌లో ఎక్కడా లేదు. ఉండే అవకాశమే లేదు.

అన్నిటికంటే ఆఖరున మా ఇంటి ఫామ్ పెట్టుకున్నా. అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి పరాయివాళ్ళని అడిగినట్టే వరసగా అడిగా. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అంటే వస్తుంది అంది. ఎప్పట్నుంచి అంటే రెండేళ్ళ నుంచి అంది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే "ఎవరు అడిగారే" అంది. మామూలుగానే అంది, కోపంగా కాదు. మర్నాడు పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. డాక్టరమ్మ అడిగితే అప్పుడు బయటపడింది, నెలసరి చాలా ఎక్కువ అవుతోందట, తొమ్మిది పది రోజులు ఉంటోందట, వయసైతే ఇంతే అనుకుని ఊరుకుందట. దానికి వేరే మందులు, నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు ఇచ్చి, మాత్ర వేసుకున్నాక గంటా రెండు గంటలు టీ తాగొద్దు, నిమ్మకాయ పిండుకుని తింటే మంచిది అని చెప్పారు. అమ్మకి 11.4 రావడానికి దాదాపు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ నేను ఒక లాంగ్ నోట్‌బుక్‌లో తేదీ వేసి రాస్తూ వచ్చా. ఈ నోట్‌బుక్ అలా మొదలైంది.

రెండో ఏడాది ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరా. చాలామందికి ఇది కాలేజీ ఊడ్చే ప్రోగ్రాం అనే తెలుసు. గాంధీగారి శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న మొదలైంది, అందుకే ఆ రోజు ఎన్‌ఎస్‌ఎస్ డే చేస్తారు. రెండేళ్ళలో 240 గంటలు పని, దత్తత తీసుకున్న ఊళ్ళో 7 రోజుల స్పెషల్ క్యాంపు చేయాలి. బ్యాడ్జి మీద ఉండే చక్రం కోణార్క్ గుడి చక్రం, దానికి ఎనిమిది ఆకులు, రోజులో ఎనిమిది జాములకి గుర్తు, అంటే ఏ జాములో పిలిచినా వెళ్ళాలని. క్యాంపు గురించి వేరేగా రాయాలి, అది ఇందులో పట్టదు. బడి వరండాలో పడుకున్నాం, పొద్దున్నే శ్రమదానం చేశాం, 50 మందికి అన్నం వండాం, అంతవరకే చెప్తా.

మా కాలేజీలో బ్లడ్ డోనర్స్ లిస్ట్ ఒకటి ఉండేది. ఎప్పుడో ఎవరో అన్ని క్లాసుల్లో కాయితం తిప్పి పేరు, ఫోను, గ్రూపు రాయించినది. నా దస్తూరి బాగుంటుందని ఆ లిస్ట్ నాకు అప్పజెప్పారు. నేను దాన్ని అందంగా తిరగరాసి, గ్రూపులవారీగా రంగులేసి, ఫోటో తీసి గ్రూపులో పెట్టా, అందరూ మెచ్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండింటికి ఫోను. ఒక ఆసుపత్రిలో కాన్పు అయినావిడకి బ్లీడింగ్ ఆగట్లేదు, ఓ నెగెటివ్ కావాలి, బ్లడ్ బ్యాంకులో ఉన్న ఒక్క ప్యాకెట్టూ ఎక్కించేశారు. నా లిస్ట్‌లో ఓ నెగెటివ్ ముగ్గురు. ఒకతని నంబరు పనిచేయట్లేదు. ఇంకొకతను హైదరాబాద్‌లో ఉన్నాడు. మూడో అబ్బాయి కోరుకొండ నుంచి ఆ చలిలో బైకు మీద వచ్చాడు, మాట వినగానే బయల్దేరాడు, ఎంత మంచివాడంటే దారిలో కూడా రెండుసార్లు ఫోన్ చేసి వచ్చేస్తున్నానని ఆవిడ భర్తకి ధైర్యం చెప్పాడు. బ్లడ్ బ్యాంకులో ఎవరు ఏ గ్రూపు చెప్పినా వాళ్ళు మళ్ళీ టెస్ట్ చేసుకుంటారు. చేస్తే ఓ పాజిటివ్.

అబ్బాయి తప్పేం లేదు. ఇంటర్‌లో ఐడీ కార్డు కోసం గ్రూపు అడిగితే తెలియక ఎవరో చెప్పింది రాశాడు, అది కార్డు మీద అచ్చయింది, కార్డు మీద ఉంది కాబట్టి నిజమనుకున్నాడు. నేను ఆ కార్డు కూడా చూడలేదు, కాయితం మీద ఉన్నది రంగు పెన్నుతో దింపా, అంతే. ఆ గంటా గంటన్నర ఆవిడ భర్త వేరే ఎవరికీ ఫోన్ చేయకుండా ఇతని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తెల్లవారుజామున వేరే వాళ్ళ ద్వారా దాత దొరికాడు, తల్లీ బిడ్డా బయటపడ్డారు. కానీ దొరక్కపోయి ఉంటే అనే ఆలోచన నన్ను చాలా రోజులు పడుకోనివ్వలేదు. ఫ్యాన్ కింద రాసిన 38 ఫామ్‌లు ఎవరి ప్రాణం మీదకీ రాలేదు, అందుకే ఆ పాఠం నాకు సగమే ఎక్కిందేమో అనిపించింది.

తర్వాతి వారం నుంచి లిస్ట్ మొత్తం మొదట్నుంచి మొదలుపెట్టా. 143 పేర్లు. ఒక్కొక్కరికీ ఫోన్. గ్రూపు ఎలా తెలుసు, రిపోర్టు ఉందా, ఇదివరకు రక్తం ఇచ్చారా, ఇచ్చి ఉంటే బ్లడ్ బ్యాంకు కార్డు ఫోటో పెట్టండి, ఆఖరిసారి ఎప్పుడిచ్చారు, బరువెంత, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు. రక్తం ఇవ్వాలంటే 18 నిండాలి, 45 కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, మగవాళ్ళు ఒకసారి ఇచ్చాక 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి. ఇవన్నీ అదే లాంగ్ నోట్‌బుక్‌లో కాలమ్స్ కింద గీసుకున్నా. రిపోర్టు లేని వాళ్ళ గ్రూపు పెన్సిల్‌తో రాశా, చూసిన వాళ్ళది పెన్నుతో. నెలన్నర పట్టింది. పెన్నుతో రాయగలిగినవి చివరికి 61 మాత్రమే. మా ప్రోగ్రాం ఆఫీసర్ సార్‌కి చూపిస్తే 143 నుంచి 61కి తగ్గిందేంటమ్మా, రిపోర్టులో ఏం రాస్తాం అన్నారు. ఈ 61 మందిని అర్ధరాత్రి పిలవచ్చు సార్ అన్నా. నేను ఒక సార్‌కి ఎదురు సమాధానం చెప్పడం అదే మొదటిసారి. ఆయన కాసేపు ఆ కాలమ్స్ చూసి, సరే ఇదే ఉంచండి అన్నారు. ఆ ఏడాది చివర్లో వాలంటీర్ లీడర్‌గా నా పేరు పెట్టింది కూడా ఆయనే.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నాలుగో సెమిస్టర్ తర్వాతి చిన్న ఇంటర్న్‌షిప్ నేను చేయలేదు. క్లాసులో ఎవరో లింకు పెట్టారు, 1,200 కడితే రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేసినట్టు సర్టిఫికెట్ వచ్చేస్తుంది, రిపోర్టు కూడా వాళ్ళే ఇస్తారు. అమ్మ మందులు, బస్సు పాసు, తమ్ముడి ఫీజు, ఇంట్లో ఆ రెండు నెలలు నేను కూలికి వెళ్తే తప్ప గడవని పరిస్థితి, అందుకని కట్టేశా. కారణం ఉంది కదా అని అది ఒప్పు అయిపోదు. దాని మీద నా పేరు బంగారు అక్షరాల్లో ఉంటుంది, నేను ఏ రెజ్యూమేలోనూ దాన్ని పెట్టలేదు, పెట్టను. ఇలాంటివి అమ్మేవాళ్ళు ఎంత ధైర్యంగా అమ్ముతున్నారో, పల్లెటూరి పిల్లలకి ఊరి దగ్గర్లో చేయడానికి చోటే లేకుండా కంపల్సరీ అనడం వల్ల ఆ వ్యాపారం ఎంత పెరిగిందో, దీని గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడాలి. జూనియర్లకి నా మాట, దొరకడం కష్టమే, కానీ మీ పీహెచ్‌సీ, మీ మండలంలో పశువుల ఆసుపత్రి, నర్సరీ, మెడికల్ షాపు, చేపల చెరువుల వాళ్ళు, కాలేజీ లెటర్ తీసుకుని స్వయంగా వెళ్ళి అడగండి. నలుగురు కాదంటారు, ఐదో వాళ్ళు రమ్మంటారు.

ఐదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి నేను అలాగే అడిగా. ఏడు చోట్ల తిరిగితే రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఒప్పుకున్నారు. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్ళు. 2023 వానాకాలం, జ్వరాల సీజన్, పొద్దున ఎనిమిదింటికే వరండా నిండిపోయేది. మొదటి నెల ట్యూబులు అందివ్వడం, రిజిస్టర్ రాయడమే. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది, అది సీబీపీకి, అంటే రక్తకణాలు లెక్కపెట్టే టెస్ట్‌కి. నీలం మూత రక్తం గడ్డకట్టే టైము చూడటానికి. బూడిద రంగు షుగర్‌కి. తీయగానే ఊదా మూత ట్యూబుని నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, ఊపకూడదు. అది చేయకపోతే లోపల చిన్న గడ్డ కడుతుంది, ప్లేట్‌లెట్లు ఆ గడ్డలో చిక్కుకుంటాయి, మిషన్ తక్కువ చూపిస్తుంది, డెంగీ అనుమానంతో ఉన్న కుటుంబం ఆ నంబరు చూసి హడలిపోతుంది. చేతి మణికట్టు పది సార్లు తిప్పకపోవడం వల్ల ఒక ఇంట్లో ఎంత భయం పుడుతుందో అక్కడే చూశా.

సెప్టెంబరులో ఒక రోజు వార్డులో ఆరుగురికి శాంపిల్ తీయాలి. పని తొందరగా అవుతుందని నేను ముందే ల్యాబ్‌లో కూర్చుని ఆరు ట్యూబుల మీదా పేర్లు రాసుకుని ట్రేలో పెట్టుకుని తీసుకెళ్ళా. అలా రాయకూడదని, మంచం పక్కన, రక్తం తీశాక, పేషెంట్ నోటితో పేరు చెప్పించుకుని అప్పుడే రాయాలని నాకు చెప్పారు. తెలిసే చేశా. ఆ ఆరుగురిలో ఇద్దరిది ఒకటే పేరు. రిపోర్టులు వచ్చాయి, ఒకరికి హిమోగ్లోబిన్ 6.4, ఇంకొకరికి 12.1. కాయితాలు వార్డుకి పంపడానికి సర్దుతుంటే ఏదో తేడాగా అనిపించింది. 12.1 ఉన్నావిడ నేను సూది గుచ్చినప్పుడు చెయ్యి తెరిచింది, ఆ అరచెయ్యి నాకు గుర్తుంది, తెల్లగా, సుద్దలాగా. రెండేళ్ళ కిందట మా అమ్మ చెయ్యి అలాగే ఉండేది.

టెక్నీషియన్ అన్న దగ్గరికి వెళ్ళి, "అన్నా ఈ రెండూ మారిపోయాయనుకుంటా, లేబుల్స్ ముందే రాశా" అన్నా. నా గొంతు వణికింది. పక్కనున్న వాళ్ళు మళ్ళీ పొడిస్తే పేషెంట్ వాళ్ళు గొడవ చేస్తారు, కాసేపటికి డ్యూటీ డాక్టరే చూసి అడుగుతార్లే అన్నారు. అన్న మాత్రం రెండు రిపోర్టులూ పక్కకి తీసి, ఆపేశానని వార్డుకి ఫోన్ చేసి, నన్ను చూసి "నువ్వే వెళ్ళి చెప్పి తీసుకురా. నా వల్ల పొరపాటు జరిగింది అని చెప్పు. మిషన్ పాడైంది అని చెప్పకు" అన్నారు. వార్డు దాకా ఆ నడవా ఎంత పొడుగ్గా అనిపించిందో. వెళ్ళి చెప్పా. ఒకావిడ కొడుకు బాగా తిట్టాడు, తిట్టాల్సిందే. ఆ తెల్లటి చెయ్యి ఉన్నావిడ మాత్రం ఏమీ అనకుండా మళ్ళీ చెయ్యి చాపింది. ఈసారి రక్తం తీశాక ఆవిడ నోటితో పేరు, వయసు, ఊరు చెప్పించుకుని, మంచం మీద ట్యూబు పెట్టి అక్కడే రాశా. ఆవిడదే 6.4. సాయంత్రానికి రక్తం ఎక్కించారు. నా అనుమానం నిజమైందని నాకు సంతోషం కలగలేదు, ఆ కాయితం వెళ్ళిపోయి ఉంటే అనే ఆలోచనే. ఆ రోజు లాగ్ బుక్‌లో జరిగింది జరిగినట్టే రాశా, మెంటర్ మేడమ్ సంతకం పెడుతూ ఆ పేజీ దగ్గర ఆగి, మొత్తం చదివి, తల మీద చెయ్యి వేశారు. ఆవిడ కూడా ఏమీ అనలేదు.

ఆరో సెమిస్టర్‌లో కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టే బాధ్యత నాది. దీనికి ముందు ఒకటి చెప్పాలి, రెండో ఏడాది క్యాంపులో రక్తం ఇద్దామని నేనూ వెళ్ళా. అప్పుడు వేలి చివర నుంచి ఒక చుక్క తీసి నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వదిలారు. రక్తంలో హిమోగ్లోబిన్ సరిపడా ఉంటే చుక్క బరువుకి మునుగుతుంది, లేకపోతే తేలుతుంది. నా చుక్క కొంచెం కిందకి వెళ్ళి, ఆగి, పైకి వచ్చేసింది. ఊరంతా తిరిగి రక్తహీనత సర్వే చేసిన దాన్ని, నాకే లేదు. ఆ రోజు 31 మంది అమ్మాయిలు వస్తే ఇవ్వగలిగింది 9 మంది. మిగతా వాళ్ళని వెళ్ళిపోండమ్మా అన్నారు. తలదించుకుని ఏదో తప్పు చేసినట్టు వెళ్ళిపోయాం. ఎందుకు వద్దన్నారో, ఇప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

అందుకే నేను లీడర్ అయ్యాక మొదట అడిగింది క్యాంపు డేట్ కాదు. క్యాంపుకి మూడు నెలల ముందు అమ్మాయిలందరికీ హిమోగ్లోబిన్ టెస్ట్ చేయిద్దాం, తక్కువున్న వాళ్ళకి పీహెచ్‌సీ నుంచి మాత్రలు ఇప్పిద్దాం అన్నా. ప్రిన్సిపల్ రూమ్‌కి నాలుగుసార్లు తిరిగా. మొదటిసారి లెటర్ సరిగ్గా లేదని పంపేశారు, రెండోసారి ఆయన లేరు, మూడోసారి ఆడపిల్లల రిపోర్టులు బయటికొస్తే తల్లిదండ్రులు ఏమంటారు అన్నారు. అది సరైన ప్రశ్నే. అందుకని ఎవరి నంబరు వాళ్ళకే చీటీ మీద ఇచ్చేట్టు, లిస్ట్ ఒక్క మేడమ్ దగ్గరే ఉండేట్టు రాసుకుని నాలుగోసారి వెళ్ళా, సంతకం పెట్టారు. డిసెంబరులో టెస్టులు అయ్యాయి, మా ల్యాబ్ అన్న సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. పీహెచ్‌సీ డాక్టరమ్మ వచ్చి అరగంట మాట్లాడారు. నేను మాత్రం అందరికీ ఒక్కటే పదిసార్లు చెప్పా, విరోచనం నల్లగా వస్తుంది, భయపడి మానేయకండి, వేసుకున్న వెంటనే టీ తాగకండి. స్టేజి మీద 300 మంది ముందు ఆ మాటలు చెప్పేటప్పుడు నాకు అసలు భయమే వేయలేదు, తర్వాత గుర్తొచ్చి ఆశ్చర్యపోయా. క్లాసులో డౌటు అడగలేని దాన్ని కదా. కానీ అప్పుడు నాకు నేను గుర్తులేను, మాత్రలు పూలమొక్కకి వేసినావిడ గుర్తుంది.

2024 మార్చి 12న క్యాంపు. అమ్మాయిలు 44 మంది వచ్చారు, 27 మంది ఇచ్చారు. బరువు చాలనివాళ్ళు, నెలసరిలో ఉన్నవాళ్ళు, ఇంకా రక్తం పెరగనివాళ్ళు 17 మంది, ఒక్కొక్కరికీ ఎందుకు వద్దన్నారో చీటీ మీద రాసి ఇచ్చాం, కూర్చోబెట్టి అరటిపండు, ఫ్రూట్ జ్యూస్ వాళ్ళకీ ఇచ్చాం. ఎండాకాలం దగ్గరికొస్తే కాలేజీలు మూసేస్తారు, క్యాంపులు ఉండవు, బ్లడ్ బ్యాంకుల్లో నిల్వ తగ్గిపోతుంది, మామూలుగా నిలవుంచే రక్తం 35 రోజులకంటే ఉండదు, అందుకే మార్చిలో పెట్టాం. నా వంతు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది, అప్పటికి అందరిదీ అయిపోయింది. వేలు ఇచ్చా. చుక్క నీలంలో పడింది, ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది, తర్వాత నిదానంగా, గుండ్రంగా, అడుగుదాకా వెళ్ళిపోయింది. పక్కన నిలబడ్డ ఫస్టియర్ పిల్ల మునిగింది అక్కా అని అరిచింది.

350 మిల్లీలీటర్ల సంచీ నిండటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. లేచి కూర్చుని జ్యూస్ తాగి, ఆ పిల్లతో నోట్‌బుక్ తెప్పించుకున్నా. ఆ లిస్ట్ ఇంక తన చేతికే వెళ్తుంది. నా పేరు పెన్సిల్‌తో ఉన్న వరుస వెతికి, గ్రూపు పెన్నుతో దిద్ది, ఎదురుగా 12-03-2024 అని రాసి, దాని పక్క కాలమ్‌లో 120 రోజులు లెక్కపెట్టి 10-07-2024 అని రాశా. ఆ పిల్ల నా భుజం మీంచి వంగి చూసి, ఎందుకో మళ్ళీ మొదట్నుంచి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని, కరెక్టే అక్కా అంది.